రెండు టీకొట్ల మధ్య ఫ్లాస్కు

ముందు చప్పుడు వస్తుంది. స్కూటర్‌కు వేలాడే సంచిలో స్టీలు గ్లాసు ఫ్లాస్కుకు తగిలి టింగుమంటుంది, ఆగుతుంది, మళ్ళీ టింగుమంటుంది. దారిలోని గుంతలన్నిటినీ పేరుపేరునా పలకరిస్తూ వచ్చే చప్పుడు. ఆ తరువాత మా వీధి మలుపులో బాలచంద్ర కనిపిస్తాడు.

నలభై ఒక్కేళ్ళు. తిరుపతిలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతూ తొమ్మిదేళ్ళుగా పీహెచ్‌డీ చేస్తున్నాడు. అసమానతలు, రాజకీయ హింస, శాంతి ఆయన అంశం. మొదలుపెట్టినప్పుడు ఒళ్ళో నిద్రపోయిన కూతురు ఇప్పుడు ఆయన పేజీలు చదువుతూ నిద్రపోతోంది.

శ్రీకాళహస్తి దాటాక ఆయనకొక ఊరు దొరికింది. పన్నెండేళ్ళ కిందట నీళ్ళ పైపు పడమటి వీధికి వచ్చి, తూర్పు వీధి మొదట్లో ఆగిపోయింది. ఆ ఏడు ఎన్నికల్లో కర్రలు లేచాయి, తలలు పగిలాయి. ఇప్పుడు పైపు రెండు వీధులకూ ఉంది. కొట్లాటలు లేవు, మాటలూ లేవు. వీధికో పార్టీ: పడమటి పార్టీకి చిన్నబ్బ టీకొట్టు, తూర్పు పార్టీకి పరంధామయ్య టీకొట్టు. మధ్యలో బస్సు షెల్టరు. దాంట్లో ఎండ ఒక్కటే కూర్చుంటుంది.

శాంతి మీద మూడు అలమారాల పుస్తకాలు చదివిన బాలచంద్ర, మొదటిరోజు బండి దిగగానే చిన్నబ్బ కొట్టులో టీ తాగాడు. అంతే. తూర్పు వీధిలో ఆయన ప్రశ్నలన్నిటికీ ఒకటే జవాబు: "మాకేం తెలీదు సార్." తప్పు తెలుసుకుని మరుసటి వారం రెండు కొట్లలోనూ తాగాడు. దాంతో రెండు వీధులూ నమ్మడం మానేశాయి.

తూర్పు వీధి నుంచి నలభై మంది జవాబులు కావాలి. ఈ నెలాఖరే చివరి గడువని యూనివర్సిటీ ఉత్తరం రాసింది.

"యాడా తాగబాక. ఇది ఎత్తుకోని పో," అని భార్య లోకేశ్వరి ఫ్లాస్కు చేతికిచ్చింది.

షెల్టరులో ఒంటరిగా కూర్చుని తాగడం మొదలుపెట్టాడు. మూడోరోజు పరంధామయ్య ఉండబట్టలేక వచ్చాడు. "ఏం సారూ, మా ఊర్లో టీ పోసేవాళ్ళు లేరని ఊరంతా చాటతా ఉండావా?"

అవతలి నుంచి చిన్నబ్బ వచ్చాడు. "ఆ సారు మొదట నా కొట్టుకొచ్చినోడు. నీకేం పనబ్బా?"

పన్నెండేళ్ళలో వాళ్ళిద్దరి మధ్య మొదటి మాట అది. గొడవ పెద్దది కాకముందే బాలచంద్ర కంగారుగా ఇద్దరికీ చెరో గుక్క పోశాడు.

"ఇది టీనా?" అన్నాడు చిన్నబ్బ.

"గిన్నెలు కడిగిన నీళ్ళు," అన్నాడు పరంధామయ్య.

పన్నెండేళ్ళ తరువాత ఆ ఊరు ఒకమాట మీదికి వచ్చింది. ఆ టీ రుచి చూడడానికి రెండు వీధుల నుంచీ మనుషులొచ్చారు. మాట పైపు మీదికి మళ్ళింది.

"మీరే కదప్పా మలుపు కాడ ఆపించింది!"

"మేం యాడ ఆపినాం? కాంట్రాక్టరు పైపులు అయిపోయినాయన్నాడు!"

పరిశోధన నియమం ప్రకారం ఒక్కొక్కరినీ విడిగా, ఎదుటి పార్టీ వినకుండా అడగాలి. "తూర్పు వీధివాళ్ళు ఇటు రండి" అని ఒక్కమాట అంటే ఆయన నలభై కాగితాలూ నిండుతాయి. బాలచంద్ర లేచాడు. నోరు తెరిచాడు. మళ్ళీ కూర్చుని, కాగితాలు ఎగిరిపోకుండా వాటి మీద ఫ్లాస్కు పెట్టాడు.

ఇప్పుడు రోజూ వాళ్ళంతా ఆ షెల్టరులోనే ఉంటారు. విడిగా రమ్మంటే ఎవరూ రారు.

నిన్న కలిసినప్పుడు, గడువు సంగతేమిటని అడిగాను. గ్లాసు మోగకుండా సంచిలో సర్దుకుంటూ అన్నాడు:

"ఇంకో ఆర్నెల్లు ఇయ్యమని రాసినానప్పా, ఇస్తారో లేదో. మా ఇంటామెకు మాత్రం ఆ టీ మాట చెప్పబాక. బాగా పెట్టేది నేర్చుకునిందంటే నా పని అయిపోతాది."