నిలబడిన బస్సులో కూత

దయ్యాల మాట ఎవురన్నా ఎత్తితే లేచి పోయేవాణ్ని. ఇప్పుడూ అంతే. ఇది దయ్యమని నేను చెప్పడం లేదు. జరిగింది జరిగినట్లు రాస్తాండా. అక్షరాలు నాకు ముసలితనంలో వచ్చినాయి, అందుకే ఇంత ఆలస్యం.

పంతొమ్మిది వందల డెబ్బైల్లో నంద్యాల నుంచి ఆళ్లగడ్డ మీదుగా అహోబిలానికి ప్రైవేటు బస్సు తోలేవాణ్ని. ఆ దసరాకు బస్సుకు పూజ చేసి, చక్రాలకు, వాటిపైన బండి బరువు మోసే ఇనుప పట్టీల కమాన్ కట్టలకు కుంకుమ పెట్టినాం. పది దినాలకు వెనక చక్రం కాడ కూత మొదలైంది. బండి కదిలితే కీచుమంటాది, ఆగితే ఆగుతాది.

వంగి చూస్తే కట్టలను ఇరుసుకు బిగించే బోల్టు చుట్టూ ఎర్రగా కుంకుమ. పూజ కుంకుమ తుడవకూడదు కదా. దండం పెట్టుకొని వదిలేసినా. రోజూ అదే పని.

ఒక దినం, నంద్యాల ఆస్పత్రిలో కాన్పయిన నా భార్యను, పన్నెండు దినాల బిడ్డను అదే బస్సులో ఇంటికి తెస్తాండా. మా ఊరు ఆళ్లగడ్డ దాటినాక వస్తాది.

ఆళ్లగడ్డలో పట్టపగలు ఇంజను ఆపినా. అందరూ టీకి దిగినారు. బస్సులో ఒక్కరు లేరు. గాలి కూడా లేదు. అప్పుడు కూసింది. రోడ్డు మీద పోయేటప్పటి మాదిరే, ఆగి ఆగి.

కండక్టరు మద్దిలేటి టీ గ్లాసు పట్టుకొని నా దిక్కు చూసినాడు. బిడ్డనెత్తుకొని కింద నీడలో నిలబడిన నా భార్య, బిడ్డ ఏడ్చిందనుకొని కొంగు తీసి చూసింది. బిడ్డ నిద్రలో ఉంది.

పోయి చక్రం మీద చెయ్యి పెట్టినా. అదురు లేదు. కూత నిలిచిపోయింది. పూజ లేదు ఏం లేదని తువ్వాలుతో ఆ కుంకుమ తుడిచినా. నాలిక మీద వేసుకుంటే ఇనుము రుచి. పక్క షెడ్డు మేస్త్రీని పిలిచినా.

"ఏందప్పా, ఇనుప పొడికి దండాలు పెడ్తాండావా?" అన్నాడు. "బోల్టు వదులై ఇనుమూ ఇనుమూ రాసుకుంటాండాయి. రాలిన పొడి ఇది. కూతా దానిదే."

స్పానర్ తగిలించగానే బోల్టు రెండు ముక్కలైంది. ముందర వాగు మలుపులో తెగింటే ఇరుసు జరిగి బస్సు వాగులో పడేది.

"మరి నిలబడిన బండి ఎట్ల కూసింది?" అని అడిగినా.

"కదలందే రాసుకోదు, రాసుకోందే కూయదు. నీ చెవులు చూపించుకోపో."

"ముగ్గురం విన్నామన్నా" అన్నాడు మద్దిలేటి. మేస్త్రీ కొత్త బోల్టులకని షెడ్డులోకి పోయినాడు.

కొత్త బోల్టులు వేసినాంక కూత లేదు. తర్వాత ఎంతమంది మెకానిక్కులను అడిగినా మేస్త్రీ మాటే చెప్పినారు. నేనైనా అదే చెప్తా. అయినా ఆపొద్దు కూసింది, ఎట్లనో ఇంతవరకు నాకు తెలీలేదు. సాయంత్రం బిడ్డను ఇంట్లో పండబెట్టి, గడప మీద కూర్చొని గట్టిగా ఊపిరి తీసుకున్నా. అది మాత్రం బాగా గుర్తుంది.