లేబుళ్లు గీకేసే అక్క

కోరుట్లలో మా పక్క గదిలో ఉండే నర్సు అక్క పోయిన మంగళవారం చనిపోయింది. పొద్దున డ్యూటీకి బయల్దేరి గడపలోనే పడిపోయింది. గుండె ఆగిందన్నాడు డాక్టరు. వాడకట్టు నమ్మలేదు.

"గుండె గాదు, ఏం గాదు. గదే రోగం తిన్నది" అంది ఇంటి ఓనరమ్మ.

అక్క జగిత్యాలలో హెచ్‌ఐవీ మందులిచ్చే సెంటర్‌లో పనిచేసేది. అక్కడి లైన్లో నిలబడడానికి భయపడేవాళ్లకు తానే మందులు తెచ్చి ఇచ్చేది. ముందుగా ఇంట్లో సీసాలు నీళ్లలో నానబెట్టి లేబుళ్లు గీకేసేది. మాత్రల మీద దూది కుక్కేది. "బస్సుల గలగలమంటే, ఏం గోలీలని పక్కోడు అడుగుతడు తమ్మీ" అనేది. సిరిసిల్లలో మా బిడ్డ పెళ్లికి అక్క వచ్చినప్పుడు, ఒకామె ఆమెను చూసి మొహం తిప్పుకుంది. ఎవరక్కా అని తర్వాత అడిగాను. "ఎవలు? నేను సూడలే" అంది.

ఒకనాడు మోరీలో అడ్డంపడ్డ లేబుల్ ముక్కలు ఓనరమ్మకు దొరికాయి. మెడికల్ షాపులో చూపించింది. "సెంటర్ల మందులు సెంటర్లనే ఉండాలె. ఇంట్లెందుకుంటయి?" అంది. సాయంత్రానికల్లా రోగం అక్కదైంది. పంపు దగ్గర అందరూ పట్టుకున్నాకే ఆమెకు నీళ్లు. ఆమె కూర్చుని లేస్తే అరుగు కడిగేవాళ్లు. "మొగడు లేడాయె, యాడ తెచ్చుకున్నదో" అని ఆమెకు వినబడేలా నవ్వుకునేవాళ్లు.

ఆ సీసాల్లో ఒకటి నాది. ఈ మాట అప్పుడే అనాల్సింది. తెలిస్తే బిడ్డను అత్తగారింట్లో ఉండనివ్వరని భయపడ్డాను. నిన్న బిడ్డకు చెప్పాకే ఇది రాస్తున్నాను.

ఒకసారి అక్క దగ్గరికి పోయి, "నీకు లేదని వాళ్లకు చెప్పరాదే అక్కా" అన్నాను. నాకుందని చెబుతానని మాత్రం అనలేదు.

"నాకు లేదంటే, మరి ఎవలికని అడుగుతరు. గది నేను చెప్పేది గాదు" అంది. తర్వాత నవ్వింది. "ఓ లాభమున్నది తమ్మీ. చక్కెర బదులడిగేటోళ్లు లేరు. డబ్బా నిండుగున్నది."

సీసా జేబులో పెట్టుకుని నా గదికి వచ్చేశాను. రెండేళ్లు అలాగే గడిచాయి. ఒక్క నెల కూడా నా మందు తప్పనివ్వలేదు. ఇవాళ బతికున్నానంటే ఆమె వల్లే.

స్నానం చేయించడానికి వాడకట్టులో ఒక్క ఆడమనిషీ రాలేదు. జగిత్యాల నుంచి ఆమెతో పనిచేసిన ఇద్దరు వచ్చి ఉత్త చేతులతో చేయించారు. పాడె పట్టడానికి మనుషులు తక్కువయ్యారు. నేను ముందుకు పోయాను.

ఓనరమ్మ ప్లాస్టిక్ గ్లౌజులు తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఉత్త చేతుల్తోని ముట్టకు అన్నా. ఇంటికి మనుమడు అస్తుంటడు. పైలం."

అందరూ నన్నే చూస్తున్నారు. చెప్పడానికి నోరు తెరిచాను. గ్లౌజులు తొడుక్కున్నాను.

శ్మశానం దాకా ఆమెను అలాగే మోశాను. అక్కడ విప్పేసరికి నా చేతులు చెమటకు నాని, తెల్లగా ముడతలు పడి ఉన్నాయి.