చింతపిక్కల నాట్లు

పక్షవాతం వచ్చిన కుడిచేత్తో, కుర్చీలోంచి లేవకుండా, ఒకే మధ్యాహ్నం పధ్నాలుగెకరాలు నాటేసిన మనిషి ఈ డెల్టా మొత్తంలో జీవరత్నం ఒక్కతే. నమ్మనివాళ్ళు పటమటలో ఆమె వెళ్ళే ఫిజియోథెరపీ సెంటరుకు పోయి అడగవచ్చు.

గన్నవరం పక్క పొలాల్లో నలభయ్యేళ్ళు నాట్లు వేసిన మనిషి. మొన్న వేసవిలో కుడివైపు పడిపోయింది. కాలు తిరిగొచ్చింది గానీ చెయ్యి రాలేదు. కోడలు సింధూరి ప్రేమగానే స్పూనుతో తినిపించేది. అయినా ఇంకొకరు పెట్టే అన్నం గొంతు దిగక, రెండు స్పూన్లకే చాలనేది. తన అన్నం తాను కలుపుకుని తినాలి. ఆమెకున్న కోరిక అదొక్కటే.

ఫిజియోథెరపిస్టు ఏంజెల్ రబ్బరు బంతి పిసకమంటే, "నేనేమన్నా చంటిపిల్లనా?" అని మొహం తిప్పుకునేది. విసిగిపోయిన ఏంజెల్ ఒకరోజు బల్ల మీద పధ్నాలుగు గుంటలున్న వామనగుంటల పీట పెట్టి, మోకాలి ఆపరేషనైన కనకలక్ష్మిని ఎదురుగా నిలబెట్టింది. ఆ మోకాలికి నిలబడటమే మందు.

జీవరత్నం ఎడమచేత్తో చింతపిక్కలు తీసింది.

"ఎడంచేత్తో ఆడితే చెల్లదమ్మా," అంది కనకలక్ష్మి.

"కుడిచెయ్యి పనిచేస్తే ఇక్కడికెందుకొస్తానండీ?"

"అయితే ఓడిపోయానని ఒప్పేసుకో. నాకేం, హాయిగా కూర్చుంటా."

"కూర్చోడానికి సాకులా? నిలబడండి!"

జీవరత్నం పిక్కల్ని కుడి గుప్పిట్లో పోసుకుంది. గుంటకొక్కటే పడాలి. రెండు జారితే ఆట ఎదుటివాళ్ళది. వారం రోజులూ ఆట ఎదుటివాళ్ళదే అయింది.

ఎనిమిదో రోజు ఫ్యాను గాలికి రెప్పలు బరువెక్కాయి. పీట కనిపించలేదు. కాలవ నీళ్ళు మడిలోకి మెల్లగా పాకుతున్నాయి. మోకాళ్ళదాకా చల్లటి బురద. ఆకాశం నీళ్ళలో పడి ఊగుతుంటే, దాన్ని తొక్కకుండా వెనక్కి వెనక్కి నడుస్తోంది. బొటనవేలూ, రెండు వేళ్ళూ కలిసి ఒక్కో మొక్కనూ విడదీసి, గుచ్చి, వదిలేస్తున్నాయి. పక్క వరసలో ఎవరో పాట ఎత్తుకున్నారు. ఇంకో మొక్క. ఇంకొకటి. కొంగలు లేచి, తెల్లగా, చప్పుడు లేకుండా ఎటో పోయాయి.

తేరుకుని చూస్తే గుప్పిట ఖాళీ. ఏంజెల్ వంగి లెక్కపెట్టింది: పధ్నాలుగు గుంటల్లోనూ ఒక్కొక్కటే పిక్క. కనకలక్ష్మి కుర్చీ సంగతే మర్చిపోయింది.

ఆ ఆదివారం సింధూరి స్పూను తెస్తే, జీవరత్నం కంచం తనవైపు లాక్కుంది. దోసకాయపప్పు కలిపింది. ముద్ద గుమ్మడికాయంత ఉందనీ, ఒక్క మెతుకైనా కింద పడలేదనీ ఇప్పటికీ పటమటంతా చెప్పుకుంటారు. ఆమెనే అడిగితే:

"సగం ఒళ్ళో పడిందండీ. మిగతాది తిన్నాను. ఉప్పు తక్కువైంది."