పూజలో ఉండిపోయిన పిన్ను

దసరాకు ముందురోజు, ఖండే నవమి నాడు, నాందేడ్ దెగ్లూర్ నాకా దగ్గరి హన్మంతు షాపులో పని జరగదు. నేల కడిగి, పీట మీద ఎర్రగుడ్డ పరిచి, పానాలు, పేచ్‌కస్‌లు, సుత్తులు, గాలి పంపు అన్నీ వరుసగా పేరుస్తారు. ఒక్కొక్కదానికి పసుపూ కుంకుమా, పైన ఒక బంతిపువ్వు. మరునాడు హారతి ఇచ్చి లేపేదాకా వాటిని ఎవరూ ముట్టరు. తీగలు వంచే పక్కడ్ ఒక్కటి మాత్రం ఆ పీట మీద కనిపించదు. అది హన్మంతు చొక్కా జేబులో ఉంటుంది. ఎవరైనా అడిగితే, "దానికి బొట్టు పెట్టిన, సాలు," అంటాడు. ఇంకేమీ చెప్పడు.

ఆ అలవాటు మొదలై రెండేళ్లయింది.

హన్మంతుకు యాభై దాటాయి. పదిహేనో ఏట బిలోలి దిక్కు పల్లె నుంచి వచ్చి ఒక ఉస్తాదు దగ్గర చేరాడు. ఇంట్లో తెలుగు, గిరాకీతో మరాఠీ, పానా జారి వేలికి తగిలితే ఉర్దూ. కొత్త బండ్లు అతని దగ్గరికి తక్కువ. పాత బండి మీద దూరం పోయేవాళ్లు వస్తారు. అలాంటి బండి చేసినప్పుడు అతనికి ఒక పద్ధతి ఉంది. ఆస్నా వంతెన దాకా తానే నడిపి చూసి వస్తాడు. ఇంజను చల్లారాక ప్రతి నట్టునూ మళ్లీ బిగించి, అప్పుడే తాళంచెవి ఇస్తాడు.

సంగప్ప కరెంటు లైన్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాడు. తొంభై రెండులో కొన్న నల్లబండి మీద ఏటా దసరా పొద్దున భార్య యమునాబాయిని ఎక్కించుకుని శ్రీశైలం మల్లన్న దగ్గరికి బయలుదేరుతాడు. పోవడానికి రెండు రోజులు, రావడానికి రెండు రోజులు. యమునాబాయికి నడుం నొప్పి. అందుకని ఆయన విరిగిన కుర్చీ వీపు ఒకటి కోసి, వెనక సీటుకు బోల్టులతో బిగించాడు. ఆ కుర్చీ వీపును బట్టి ఆ బండిని ఊరంతా గుర్తుపడుతుంది.

రెండేళ్ల కింద ఆ బండి ఎనిమిది రోజులు షాపులో ఉంది. గొలుసు, బేరింగులు, బ్రేకు షూలు, కేబుళ్లు అన్నీ మార్చాడు. నవమి పొద్దున చివరి పని మిగిలింది. వెనక బ్రేకు డ్రమ్ము మూతను ఒక ఇనుప కడ్డీ పట్టి ఉంచుతుంది. బ్రేకు తొక్కినప్పుడు ఆ మూత చక్రంతో పాటు తిరగకుండా ఆపేది అదే. కడ్డీ చివర ఒక నట్టు, ఆ నట్టు ఊడకుండా దానికి అడ్డంగా చిన్న పిన్ను. నట్టు వేలితో ఎక్కించాడు. ఇంక పానాతో బిగించి, పిన్ను దూర్చి, దాని కాళ్లు పక్కడ్‌తో వంచాలి. సరిగ్గా అప్పుడే భార్య జనాబాయి తడిచేతులతో వచ్చింది.

"ఏమయ్యా, మంచిగడియ దాటిపోతున్నది. పానాలు ఇస్తవా, ఇయ్యవా?"

"ఒక్క నిమిషం ఆగే."

"పొద్దటిసంది నీది ఒక్క నిమిషమే. దేవి ముంగట దీపం పెట్టి కూసున్న."

చేతిలో ఉన్న పానా, పక్కడ్, పిన్ను అన్నీ కలిపి ఆమె పళ్లెంలో పెట్టేశాడు. పూజ అయ్యాక వాటిని ముట్టకూడదు. రేపు పొద్దున్నే హారతి ఇచ్చి లేపి, సంగప్ప వచ్చేలోపు బిగిద్దామనుకున్నాడు.

అనుకున్నదానికంటే ముందే, ఆ సాయంత్రమే సంగప్ప బొబ్బట్లలాంటి పూరన్‌పోళీల డబ్బాతో వచ్చాడు. అప్పటికి జనాబాయి బండికి కూడా బొట్లు పెట్టి, హాండిల్‌కు బంతిదండ కట్టింది. ఇద్దరు ముగ్గురు ప్రసాదానికి వచ్చారు. నవ్వులు, పలకరింపులు. పూజ అయిన బండి పని పూర్తయిన బండిలాగే కనిపించింది. హన్మంతు తాళంచెవి ఇచ్చి పంపాడు. ఆస్నా దాకా పోయి రాలేదన్న సంగతి కూడా గుర్తుకు రాలేదు.

దసరా పొద్దున హారతి అయ్యాక ఒక్కొక్క పానా తీసి తుడుస్తున్నాడు. పక్కడ్ ఎత్తాడు. దాని కింద పసుపులో ఆ పిన్ను ఉంది.

ఒక క్షణం అది దేనిదో తెలియలేదు. తెలిశాక చేతిలోని గుడ్డ పడేసి లేచాడు.

సంగప్పకు ఫోను కలిపాడు. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాడు. మూడోసారీ అంతే. ఆ బండి చప్పుడులో ఫోను వినపడదని హన్మంతుకు తెలుసు. యమునాబాయి ఫోను బ్యాటరీ మిగలాలని రాత్రి మజిలీ దాకా ఆపేసి ఉంచుతుంది. వాళ్ల పక్కింటామెకు ఫోను చేస్తే చెప్పింది, వాళ్లు ఏడింటికే వెళ్లారని. గడియారంలో ఎనిమిది కావొస్తోంది.

"ఏమైందయ్యా, మొకం గట్ల అయింది?" జనాబాయి అడిగింది.

"సంగప్ప కాక బండి నట్టు వేలితోనే ఎక్కిచ్చిన. పానా పెట్టలే, పిన్ను పెట్టలే."

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మరుక్షణం లోపలికి పోయి నీళ్ల సీసా తెచ్చి స్కూటరు డిక్కీలో పెట్టింది. "నేనే తొందర పెట్టిన. పో, జల్ది పో. నేను ఫోను కొడుతనే ఉంట."

పక్కడ్, రెండు పానాలు, పిన్ను జేబులో వేసుకుని బయలుదేరాడు. దారంతా ఒకటే లెక్క. ఒక్కసారి గట్టిగా బ్రేకు తొక్కితే చాలు. ఎద్దుబండో, కుక్కో అడ్డం రానీ. డ్రమ్ము మూత తిరిగిపోతుంది, చక్రం బిగుసుకుంటుంది. వెనక కూర్చున్నామెకు నడుం నొప్పి. చేతిలో తప్పకుండా మల్లన్న ముడుపు కొబ్బరికాయ ఉంటుంది, దేన్నీ పట్టుకోవడానికి కుదరదు. ఎక్కడ నలుగురు గుమిగూడి కనిపించినా స్కూటరు ఆపి తొంగి చూసేవాడు. ఒకచోట చూస్తే జమ్మి కొమ్మలు అమ్ముతున్నారు. ఇంకోచోట ట్రాక్టరు కడుగుతున్నారు.

పైగా ఆ పొద్దు రోడ్డు మీద ప్రతి బండికీ బంతిదండ ఉంది. దూరం నుంచి నల్లగా ఏది కనిపించినా వేగం పెంచి దగ్గరికి పోయేవాడు. కుర్చీ వీపు ఉండేది కాదు.

నాయ్‌గావ్‌లో బస్టాండు ఎదురుగా బాబురావు చాయ్ హోటలు. సంగప్ప ఏటా మొదట ఆగేది అక్కడే. హన్మంతు స్కూటరు దిగకుండానే అరిచాడు. "బాబురావన్నా, కాక అచ్చిండా?"

"అచ్చిండు, చాయ్ తాగిండు, పోయిండు. పావుగంట అయితున్నది. యమునా కాకూ అయితే నాకు పోళీ కూడ పెట్టింది. ఏంది, పైసల్ ఇయ్యలేదా ఏంది?" అని నవ్వాడు బాబురావు.

హన్మంతు చెప్పాడు. నవ్వు ఆగిపోయింది. బాబురావు కాగుతున్న పాలు అట్లాగే వదిలేసి ఫోను తీశాడు.

"నర్సీ చౌరస్తల మా అక్క సుమిత్రాబాయి పూలమ్ముతది. ఆగు... అక్కా, నేనే. నల్ల బండి, ఎన్క కుర్సీ ఉంటది. ముసలోడు, ముసలామె. ఎట్లన్న చేసి ఆపు. నట్టు ఊడేటట్టున్నదంట. ఆఁ, కుర్సీనే! ఆపు నువ్వు, తర్వాత అడుగు!"

ఆ తర్వాతి దూరం ఎలా పోయాడో హన్మంతుకు ఇప్పటికీ సరిగ్గా గుర్తులేదు. 'తల్లీ, నీ పళ్లెంల పెట్టిన పిన్ను నువ్వే అందియ్యాలె' అని అనుకుంటూ పోయాడట. అది మాత్రం గుర్తుంది.

నర్సీ చౌరస్తాలో బంతిపూల గంపల నడుమ ఆ నల్లబండి నిలబడి ఉంది. బోర్లించిన గంప మీద యమునాబాయి నీళ్లు తాగుతోంది. పక్కన సంగప్ప ఒక లావుపాటి ఆమెతో గొడవ పడుతున్నాడు.

"తాళంచెయ్యి ఇస్తవా లేదా? రేపు అడివి గేటు మూసేలోపు పోవాలె మేము."

"ఇయ్య. కొంగుల కట్టుకున్న. మా తమ్ముడు చెప్పినోడు అచ్చేదాక ఇయ్య. నాలుగు బండ్లు ఉత్తగ ఆపి తిట్లు తిన్న నీ కోసం. కూసో కాకా, పూలు గిట్ల తుంచకు."

హన్మంతును చూసి యమునాబాయి మొహం వెలిగింది. "సూడుండ్రి, దసరా బంగారం ఇయ్యనీకి ఇంతదూరం అచ్చిండు పోరడు!"

అవునంటే సరిపోయేది. బంగారమని ఇచ్చే జమ్మి ఆకు చేతిలో పెట్టి, గొలుసు చూస్తానని వంగి, ఎవరికీ తెలియకుండా పిన్ను దూర్చవచ్చు. ముప్పై ఏళ్ల పేరు అట్లాగే నిలిచేది. ఆమె అప్పటికే డబ్బా మూత తీసి పోళీ వెతుకుతోంది.

"బంగారం గాదు కాకూ," అన్నాడు హన్మంతు. "బ్రేకు కడ్డీ నట్టు బిగియ్యలే. పిన్ను పెట్టుడు మర్సిన. మర్సి మీకు బండి ఇచ్చిన."

సంగప్ప వంగి, కడ్డీ చివర వేలు పెట్టాడు. నట్టు ఆయన వేలికే తిరిగింది. రెండు చుట్లు తిరిగి అరచేతిలో పడింది.

దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూశాడు.

"ఇర్వై ఎనిమిదేండ్లు స్తంభం ఎక్కిన," అన్నాడు. "కింద లైన్ బంద్ చేసిన్రు అంటే నమ్మి ఎక్కలే ఎన్నడు. నా చేతితోని నేను చూసుకుని ఎక్కిన. నీ దగ్గర ఒక్కదగ్గరనే చూసుకోకుండ ఎక్కిన."

హన్మంతు జేబులోంచి పిన్ను తీసి, అది పూజ పళ్లెంలో ఉండిపోయిందని చెప్పాడు.

"అమ్మవారే దాసిపెట్టి యాదికి తెచ్చింది," అంది యమునాబాయి మెల్లగా.

"అమ్మవారు దాసుడేందే? వీడు మర్సిండు. ఆమె మీద ఎందుకేస్తవు?" సంగప్ప నట్టు అందించాడు. "ముందుగాల ఇది బిగియ్యి."

రోడ్డు పక్కనే కూర్చుని బిగించాడు. పిన్నుకు పసుపు ఇంకా అంటి ఉంది. పక్కడ్‌తో కాళ్లు వంచి, వేలితో లాగి చూశాడు. సుమిత్రాబాయి ఎండ పడకుండా తన గొడుగు తెచ్చి పట్టింది. ఆ తర్వాత ఇరుసు నుంచి హాండిల్ దాకా ఒక్క నట్టూ వదలకుండా అన్నింటికీ పానా పెట్టాడు. ఇంకేం మరిచానో అన్న భయం మాత్రం పోలేదు. చూసినవే మళ్లీ చూశాడు.

"ఆస్నా దాక పోయినవా?" అడిగాడు సంగప్ప.

"పోలే కాకా."

"అయితే ఇక్కడ పో. ఆ మోరీ దాక." సుమిత్రాబాయి కొంగు ముడి విప్పి తాళంచెవి హన్మంతుకు ఇచ్చింది. సంగప్ప వెనక ఎక్కి, భార్య కుర్చీకి వీపు ఆనించాడు. "నేను ఎన్క కూసుంట. నడుపు."

రోడ్డు కింది తూము దాకా పోయి వచ్చారు. మూడుసార్లు గట్టిగా బ్రేకు తొక్కించాడు. మూడుసార్లూ సంగప్ప చేయి హన్మంతు భుజం మీద బిగిసి, మళ్లీ వదులైంది. తిరిగి వచ్చాక ఆయన చేయి చాస్తే, హన్మంతు తాళంచెవి తీసి ఇచ్చాడు. బండి బోధన్ దారిన పోయింది. హన్మంతు దాని చప్పుడు వినపడనంత దాకా నిలబడ్డాడు.

మధ్యాహ్నం ఫోను మోగింది. సంగప్ప.

"బోధన్. పిన్ను ఉన్నది." పెట్టేశాడు.

సాయంత్రం ఇంకోటి. "కామారెడ్డి. ఉన్నది."

ఆగిన ప్రతిచోటా అంతే, ఒక ఊరి పేరు, ఒక మాట. రెండోరోజు మధ్యాహ్నం అడవి మొదట్లో నుంచి చేశాడు. తర్వాత నాలుగైంది, ఐదైంది, ఏమీ రాలేదు. ముందున్నది ఘాట్ రోడ్డు, అంతా మలుపులు, దిగుడు. హన్మంతు షాపులో చేతిలోని పని మూడుసార్లు విప్పి మూడుసార్లు బిగించాడు. జనాబాయి దీపం ముందు నుంచి లేవలేదు.

ఆరున్నరకు మోగింది. యమునాబాయి ఫోను. ఆమె ఎన్నడూ చేయదు. హన్మంతు ఫోను చెవికి ఆనించాడు.

"ఓ బిడ్డా, వినవడుతున్నదా? ఆయన పాతాళగంగల స్నానం చేస్తున్నడు. నన్ను చూడుమన్నడు." ఆమె ఆయాసపడుతోంది, వంగి లేచినట్టుంది. "చెయ్యి పెట్టి చూసిన. ఉన్నది."