జేబులోని తొమ్మిది పాయింట్ ఎనిమిది

మా నాన్న బడిలో ల్యాబ్ అటెండర్. ఇరవై రెండేళ్లు ఒకే గదిలో, ఒకే తాళాల గుత్తితో పనిచేశాడు. ఏ తక్కెడ ఏ పక్కకి ఒరుగుతుందో, ఏ అయస్కాంతం సత్తువ ఉడిగి గుండుసూదిని కూడా లాగలేకపోతోందో ఆయనకు కంఠతా వచ్చు. చదివింది ఎనిమిదో తరగతి. అయినా ఫిజిక్స్ సార్ సెలవు పెట్టిన రోజున పిల్లలకి వెర్నియర్ చూడటం నేర్పింది ఆయనే.

ఇంత చెప్పాక, నాన్నను చూసి నేనెంత గర్వపడేదాన్నో అనుకుంటారు. గర్వమూ లేదు, గాడిదగుడ్డూ లేదు. నాకు సిగ్గుగా ఉండేది. నా స్నేహితురాళ్లు బల్ల మీద ఒలకబోసిన ఇంకుని నాన్న వంగి తుడుస్తుంటే నేను కిటికీలోంచి బయటికి చూసేదాన్ని. హైస్కూల్లో చేరిన మొదటి రోజే ఆయనకో షరతు పెట్టాను.

"బళ్లో నన్ను పలకరించకు నాన్నా. దార్లో కూడా నా పక్కన నడవకు."

"అలాగేలే అమ్మలూ," అన్నాడు, నేనేదో కొత్త పెన్సిల్ అడిగినంత తేలిగ్గా.

అప్పట్నుంచి బడి గేటు మొదలు బేకరీ మలుపు దాకా నేను ముందు, ఆయన ఇరవై అడుగులు వెనక. మలుపు తిరిగాకే నా సంచీ అందుకునేవాడు. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా ఆ ఇరవై అడుగులు పంతొమ్మిది కాలేదు.

పిల్లలు మాత్రం ఆయన్ని నెత్తిన పెట్టుకునేవాళ్లు. చీటీల మావయ్య అని పిలిచేవాళ్లు. ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పాలంటే లోలకం సంగతి చెప్పాలి.

దారానికి ఇనుప గుండు కట్టి వేలాడదీసి, కొంచెం పక్కకి లాగి వదిలితే అటూ ఇటూ ఊగుతుంది. వెళ్లి తిరిగొస్తే ఒక ఊపు. ఇరవై ఊపులకి ఎన్ని సెకన్లు పట్టిందో ల్యాబ్‌లో ఉన్న ఒకే ఒక్క స్టాప్‌వాచ్‌తో చూసి, దారం పొడవుతో లెక్క కడితే భూమి వస్తువుల్ని ఎంత జోరుగా లాగుతోందో తేలుతుంది. జవాబు తొమ్మిది పాయింట్ ఎనిమిది. ప్రయోగం చెయ్యకముందే అందరికీ తెలిసిన జవాబు అది. అందుకే ఎవరూ ప్రయోగం చేసేవాళ్లు కాదు. పరీక్ష రోజున నాన్న చొక్కా జేబులోంచి అగ్గిపెట్టెంత చీటీలు బయటికొచ్చేవి. వంద సెంటీమీటర్ల దారానికి నలభై పాయింట్ రెండు సెకన్లు, ఎనభైకి ముప్పై అయిదు పాయింట్ తొమ్మిది. పిల్లలు గుండుని ఊరికే ఊపి, చీటీలో అంకెలు రికార్డులో దించేవాళ్లు. సార్ చూసీ చూడనట్టు సంతకం పెట్టేవారు. మార్కులు, మర్యాద, మధ్యాహ్నం భోజనం, అన్నీ వేళకి జరిగిపోయేవి.

ఆ ఏడాది నాకు పదహారు. పరీక్షకు మూడు రోజుల ముందు అభ్యాసం మొదలైంది. నాన్న అందరికీ నోటితోనే అంకెలు చెప్పుకుంటూ వచ్చి నా బల్ల దగ్గర ఆగాడు. నేను తల ఎత్తకుండా, "నాకక్కర్లేదు. నేనే చూసుకుంటాను," అన్నాను.

ఇదేదో నిజాయితీ అనుకోకండి. అటెండర్ కూతురు కాబట్టి అంకెలు అందాయి అని ఎవరైనా అంటారేమోనని నా భయం. నాన్న దాన్ని నిజాయితీ అనుకున్నాడు. ఆ సాయంత్రం అమ్మతో, "మొత్తం క్లాసులో వద్దన్నది ఇదొక్కతే," అని చెబుతుంటే నేను పక్క గదిలోంచి విన్నాను. ఆ గొంతులో సంతోషం తలుచుకుంటే ఇప్పటికీ నాకు ముద్ద దిగదు.

తీరా ప్రయోగం చేస్తే నాకు నలభై ఒకటి వచ్చింది. లెక్క కడితే తొమ్మిది పాయింట్ నాలుగు. మళ్లీ చేశాను. మళ్లీ తొమ్మిది పాయింట్ నాలుగే. మర్నాడు నాలుగుసార్లు చేసినా అదే. పక్క బల్ల పిల్లలు పగలబడి నవ్వారు. ఫిజిక్స్ సార్ వచ్చి నా కాగితం చూసి, "భూమికి నీ మీద ఏమైనా కోపమా తల్లీ, నీకు మాత్రం తక్కువ లాగుతోంది?" అన్నారు. నాన్న బీరువా తలుపు దగ్గర గుడ్డతో ఏదో తుడుస్తున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు.

నాకు పౌరుషం వచ్చింది. సార్ క్లాసులో లెక్కలు చెప్పేటప్పుడు ఒక మాట అనేవారు: జవాబు తప్పొస్తే అన్నీ ఒకేసారి మార్చకండి, ఒక్కొక్కటే మార్చండి, ఎక్కడ కుదురుతుందో అక్కడే దొంగ దొరుకుతాడు. ఇంటికెళ్లి గుమ్మానికి మేకు కొట్టి, బీరువా తాళంకప్పని అమ్మ కుట్టు దారానికి కట్టి వేలాడదీశాను. మా అమ్మ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ఆవిడ టేపుతో పొడవు కొలిచి, ఆవిడ చేతి గడియారంతోనే టైము చూశాను. తొమ్మిది పాయింట్ ఎనిమిది! రెండోసారీ అంతే. "ఆ తాళంకప్ప నీకేం చేసిందే, ఉరి తీశావు?" అంది అమ్మ.

అంటే నా చేతుల్లో తప్పు లేదు, నా లెక్కలోనూ లేదు. గుండు బరువు ఎంతైనా ఊపు వేగం మారదని మాకు పాఠంలోనే ఉంది. మిగిలినవి రెండే, కొలబద్ద, స్టాప్‌వాచ్. మర్నాడు అమ్మ టేపూ గడియారమూ సంచీలో వేసుకుని బడికెళ్లాను. భోజనాల వేళ ల్యాబ్‌లో ఎవరూ లేరు. టేపుని కొలబద్ద పక్కన పెడితే గీతకి గీత సరిపోయింది. తర్వాత రెండు గడియారాలూ పక్కపక్కన పెట్టి చూశాను. అమ్మ గడియారంలో సరిగ్గా నిమిషం తిరిగేసరికి స్టాప్‌వాచ్ అరవై ఒకటి దాటిపోయింది. అది పరుగెడుతోంది!

ఎగిరి గంతేశాను. సార్ దగ్గరికి పరుగెత్తి, "మీ భూమి బాగానే ఉంది సార్, మీ గడియారానికే జబ్బు," అని అందరి ముందూ చెప్పాలని గుమ్మం దాకా వెళ్లాను. వెళుతూ వెళుతూ స్టాప్‌వాచ్‌ని వెనక్కి తిప్పాను.

వెనక మూత మీద మూడు స్క్రూలున్నాయి. రెండు తెల్లవి. మూడోది పచ్చది, ఇత్తడిది, దాని గాడి ఒక పక్కకి అరిగిపోయి ఉంది.

ఆ స్క్రూ జత నాకు తెలుసు. మా అమ్మ కుట్టు మిషన్‌లో అడుగు దారం కండె పెట్టే బాబిన్ కేసుకి ఉంది. ఒకటే ఉంది. రెండో కన్నంలో అమ్మ తీగ ముక్క మెలిపెట్టుకుంది. దారం వదులైన ప్రతిసారీ ఆవిడ పళ్లు నూరడం నా చిన్నప్పట్నుంచీ వింటున్నాను.

ఆ సాయంత్రం అడిగాను. "అమ్మా, ఆ స్క్రూ ఎప్పుడు పోయింది?"

"పోలేదే, పోగొట్టారు. నువ్వు రెండో తరగతిలో ఉన్నప్పుడు మీ నాన్న ఏదో గడియారం ఇంటికి తెచ్చి రెండు రోజులు దాని ముందే కూర్చున్నారు. చెయ్యి జారి కింద పడేశారట. బాగుపడిందన్నారు, స్క్రూ పట్టుకెళ్లారు. తిరిగి తెమ్మంటే మొహం తిప్పేసుకుంటారు. తొమ్మిదేళ్లయింది."

అప్పుడర్థమైంది నాకు చీటీలు ఎందుకు పుట్టాయో. పడేసిన సంగతి సార్‌తో చెప్పలేక ఆయనే విప్పి అతికించాడు. నడిచింది. తప్పు నడుస్తోందని తర్వాత తెలిసింది. తెలిశాక చెప్పడానికి మొహం చెల్లలేదు. ఎవరి లెక్కా తప్పకుండా ఉండాలంటే ఎవరూ ఆ గడియారాన్ని నమ్మకూడదు, అందుకే చీటీలు. పిల్లలు నెత్తిన పెట్టుకున్న ఆ ఉపకారమంతా ఒక్క ఇత్తడి స్క్రూని దాచడానికే.

మర్నాడే పరీక్ష. తొమ్మిది పాయింట్ నాలుగు రాస్తే ఎందుకొచ్చిందని అడుగుతారు. గడియారం పేరు చెబితే మూత తిప్పుతారు. మూత తిప్పితే నాన్న. నా మార్కులు కావాలా, నాన్న పరువు కావాలా? పొద్దున నాన్న మొహం కడుక్కుంటుండగా మేకుకి వేలాడుతున్న ఆయన చొక్కా జేబులో చెయ్యిపెట్టి ఒక చీటీ తీసుకున్నాను. ఆయన కోసమేగా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

పరీక్షకి వేరే బడి నుంచి ఒక మేడమ్ వచ్చారు. కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని, ప్రతి అంకెనీ వేలితో తడిమి చూసే మనిషి. నా రికార్డు తీసుకుని, "నలభై పాయింట్ రెండు. నువ్వే చూశావా?" అన్నారు.

"నేనే మేడమ్."

"తొమ్మిది పాయింట్ ఎనిమిది. బాగుంది. మంచి చెయ్యి."

నాన్న మంచినీళ్ల గ్లాసు పట్టుకుని అక్కడే ఉన్నాడు. ఆ మాట వినగానే ఆయన మొహం చూశాను. సంతోషం వస్తుందనుకున్నాను, కనీసం ఊపిరి పీల్చుకుంటాడనుకున్నాను. ఆయన నా వైపు చూసిన చూపులో, నన్ను ఎవరో కొట్టి వెళ్లిపోయినంత బాధ ఉంది. గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"ఆ గడియారంతో అది రాదు మేడమ్."

"ఏంటయ్యా నువ్వు, బయటికి నడు," అన్నారు ఫిజిక్స్ సార్.

"రాదు సార్. నలభై ఒకటి వస్తుంది. తొమ్మిదేళ్ల నుంచీ నలభై ఒకటే వస్తోంది. నా చేతిలోంచి జారిపడి పాడైంది. నేనే విప్పాను, నేనే దాచాను, చీటీలూ నేనే ఇచ్చాను." నా వైపు చెయ్యి చూపించాడు. "మా అమ్మాయి మూడు రోజుల నుంచి నలభై ఒకటే చూసింది. నేను చూస్తూనే ఉన్నాను. ఇవాళ అలా ఎందుకు రాసిందో నాకు తెలీదు."

నాకు తల కొట్టేసినట్టయింది. బళ్లో మొట్టమొదటిసారి నాన్న నన్ను మా అమ్మాయి అన్నాడు, నేను అబద్ధం ఆడానని చెప్పడానికి.

మేడమ్ తన చేతి గడియారం తీసి స్టాప్‌వాచ్ పక్కన పెట్టి ఒక నిమిషం చూశారు. తర్వాత తన గడియారమే మా ముందుకి తోసి, "అందరూ మళ్లీ చెయ్యండి," అన్నారు. చీటీలు లేని మా క్లాసు తెలివి అప్పుడు బయటపడింది. ఒకరికి తొమ్మిది, ఒకరికి పదిన్నర. వెళ్లడాన్ని ఒక ఊపుగా, రావడాన్ని ఇంకో ఊపుగా లెక్కపెట్టిన మహానుభావుడికి ముప్పై తొమ్మిది. ఎవరూ నవ్వలేదు. నేను పన్నెండో ఊపు దగ్గర లెక్క మరిచిపోయి మళ్లీ మొదలుపెట్టాను. తొమ్మిది పాయింట్ ఏడు వచ్చింది. మేడమ్ నా పాత అంకెలు కొట్టేసి, ఏమీ అనకుండా కొత్తవి రాయమన్నారు. తిట్టినా బాగుండేది.

నాలుగు గంటలకల్లా హెడ్మాస్టర్ నాన్న దగ్గర తాళాల గుత్తి తీసేసుకున్నారు. రేపట్నుంచి గేటు దగ్గర కూర్చుని గంట కొట్టాలన్నారు. నాన్న అలాగే సార్ అన్నాడు. ఫిజిక్స్ సార్ ఆ పక్కనే ఉండి తన చెప్పుల్ని చూసుకున్నారు. తొమ్మిదేళ్ల చీటీల అంకెల కింద ఆయన సంతకాలూ ఉన్నాయి మరి.

బడి వదిలారు. గేటు దాటి నేను ముందు నడిచాను, అలవాటు కొద్దీ. సగం దూరం వెళ్లాక నడవలేకపోయాను. ఆగాను. వెనక్కి చూస్తే నాన్న కూడా ఆగిపోయాడు. ఇరవై అడుగుల దూరంలో, వట్టి చేతులతో నిలబడి, నేను కదిలితే కదులుదామని చూస్తున్నాడు. షరతు నేను పెట్టిందే. వెనక్కి నడిచి ఆయన దగ్గరికి వెళ్లాను. క్లాసు పిల్లలు పక్కనుంచే వెళుతున్నారు.

"నాన్నా," అన్నాను.

నా సంచీ అందుకున్నాడు. ఇద్దరం పక్కపక్కనే నడిచాం. బేకరీ మలుపు దగ్గర అడిగాడు.

"చీటీ ఎవరిచ్చారమ్మలూ? ఆ పక్క బల్ల కుర్రాడా?"

"ఎవరూ ఇవ్వలేదు. పొద్దున నీ చొక్కా జేబులోంచి తీసుకున్నాను. గడియారం వెనక అమ్మ స్క్రూ చూశాను నాన్నా."

సంచీ ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు.

"నా జేబులోంచేనా?" అన్నాడు. "అయితే నేనే ఇచ్చానన్నమాట."