భావనపాడులో చేపలకు వేడి

రిటైర్మెంటుకి రెండేళ్ల ముందు, జూలై మొదటి వారంలో, డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా నన్ను సముద్రపు ఒడ్డునున్న భావనపాడు పంపారు. ఇళ్లలో పోగైన చెత్తను కొలిమిలో కాల్చి, ఆ వేడితో నీళ్లు కాచి, గొట్టాల్లో నాలుగు షెడ్లకు పంపాలి. చలిదేశాల్లో ఊళ్లకు ఊళ్లు ఇలాగే ఇళ్లు వెచ్చబెట్టుకుంటాయి. మా డ్రాయింగులూ అక్కడి నమూనావే. ఒక షీటు మీద 'పడకగది' అన్న మాట కొట్టేయడం మరిచిపోయాం. మేం వేడి చేయాల్సింది వానాకాలంలో ఎండక కుళ్లిపోయే చేపల్ని.

చేపలు ఎండబెట్టే ఆడవాళ్లకు పెద్దదిక్కు పోలమ్మ. గొట్టాలు చూసి, ఉక్కకు తామే ఉడికిపోతుంటే ఇంకా ఇళ్లు వెచ్చబెడతారా అని అడిగింది. ఇళ్లకు కాదు, చేపలకని చెప్పాను. చేపలకేటి చలి అంది.

ట్రయల్ రోజు ముసురు పట్టింది. ఆడవాళ్లు ఆ ఉదయం కొన్న కవళ్ల చేపలన్నీ ట్రేల్లో పరిచారు. చెత్త క్యాలొరిఫిక్ విలువ, అంటే కిలో ఇంధనం ఇచ్చే వేడి, నేను ల్యాబ్ రిపోర్టులో చూసి లెక్క కట్టుకున్నాను. కొలిమి వెలిగించి రెండు గంటలైనా నీళ్లు గోరువెచ్చన దాటలేదు. గాలి కొట్టే బ్లోయరు వేగం పెంచమన్నాను. పొగ పెరిగింది. ఆపరేటరు నా వైపు చూడడం మానేశాడు.

పోలమ్మ కుప్పలోంచి గుప్పెడు చెత్త తీసి నా ముందే పిండింది. నీళ్లు కారాయి.

"దీనికి మంట రాదు బాబూ, పులుసొస్తాది."

రిపోర్టుకి నమూనా తీసింది ఎండాకాలంలో. ఆ సంగతి నాకు తెలుసు. వానల్లో తేమ మళ్లీ కొలవాలని తట్టలేదు. ఆమెతో అదే ఒప్పుకున్నాను.

"తట్టకపోతే అడగాల గదా. సెత్త ఎత్తతన్నది మేమే."

ఆమె ఇంటింటి నుంచి ఎండు కొబ్బరి డొక్కలు, సరుగుడు పుల్లలు తెప్పించింది. మధ్యాహ్నానికి నీళ్లు కాగాయి. కింది వరుస ట్రేల్లో చేపలు పోయాయి, మిగతావి దక్కాయి. పోయినవాటి లెక్క పోలమ్మ భోజనాల దగ్గర తీర్చుకుంది. అందరికీ చేప వడ్డించి నాకు చారు పోసింది.

తప్పు నాదేనని రిపోర్టు రాశాను. ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు ఫోన్ చేసి, 'వాతావరణ పరిస్థితులు' అని మారిస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదన్నారు. మార్చలేదు. వారంలోగా పొడి చెత్త విడిగా తీసుకుని, ప్లాస్టిక్కు ఏరేసి, రేకుల షెడ్డులో ఆరబెట్టడం మొదలుపెట్టాం. కొలిమికి ఏది వెళ్లాలో పోలమ్మ చెప్పేది, రిజిస్టరులో నేను సంతకం పెట్టేవాణ్ణి. ఆ వానాకాలంలో షెడ్లు మళ్లీ ఆగలేదు.

ల్యాబ్ కాగితం నమూనా తీసిన రోజుకే చెల్లుతుంది. ఇవాళ్టి ఇంధనం సంగతి దాన్ని చేత్తో ఎత్తేవాళ్లకు తెలుస్తుంది. వాళ్లను అగ్గిపుల్ల గీయకముందే అడగాలి.