తొడిమ తీసే మిషను కోసం చైనాకి

ఆ ఏడు మలేషియా పార్టీ మా సరుకు వెనక్కి పంపాడు. మిరపకాయలు మంచివే, రంగూ మంచిదే. తొడిమలు పూర్తిగా పోలేదని ఒక్కటే ఫిర్యాదు.

గుంటూరులో చిలకలూరిపేట రోడ్డు మీద మాకో షెడ్డు ఉంది. కోల్డు స్టోరేజీ నుంచి తెచ్చిన కాయలకి తొడిమలు తీయించి ఎగుమతికి పంపుతాం. కొనుగోళ్ళు మా ఆయన చూసుకుంటారు, షెడ్డు నేను చూసుకుంటాను. నలభై రెండు మంది ఆడవాళ్ళు నేల మీద కూర్చుని చేత్తోనే తొడిమలు తీస్తారు. సరుకు తిరిగొచ్చాక చైనాలో ఈ పనికి మిషన్లు చేస్తున్నారని విని, వెళ్ళి చూద్దామనుకున్నాం. ఇది రెండువేల ఐదు ప్రాంతంలో సంగతి.

మిర్చి యార్డులో కొనుగోళ్ళు వదిలి మా ఆయన కదలడానికి లేదు. ఇంజనీరునెవరినైనా వెంట తీసుకెళ్ళమన్నారు తెలిసినవాళ్ళు. నేను మా షెడ్డు మేస్త్రి కోటమ్మని తీసుకెళ్ళాను. ఆవిడ ఇరవై ఏళ్ళుగా తొడిమలు తీస్తోంది. కాయ పట్టుకుంటే అందులో తేమ ఎంతుందో చెప్పగలదు. మిషను ఎలా తిరుగుతుందో నాకు ఎవరైనా చెబుతారు, కాయ బాగా వచ్చిందో లేదో చెప్పేది ఆవిడే. ఆ మిషను ఎవరి పని చేయడానికి వస్తోందో ఆవిడకి తెలియదని మాత్రం నేను అనుకోలేదు. ఆ మాట ఇద్దరం ఎత్తలేదు.

కోటమ్మ పాస్‌పోర్టుకే మూడు నెలలు పట్టింది. పుట్టిన తేదీ అడిగితే, "పెద్ద తుపాను వచ్చిన ఏడాది నాకు పెళ్ళయింది, రాసుకోండి" అంది. వ్యాపారం మీద వెళ్ళేవాళ్ళకి అక్కడి ఫ్యాక్టరీ ఆహ్వానం పంపితేగాని వీసా రాదు. ఆ కాగితంలో పేరూ పాస్‌పోర్టులో పేరూ అక్షరం తేడా లేకుండా ఉండాలి. మాకు ఒక అక్షరం తేడా వచ్చి మళ్ళీ రాయించుకోవలసి వచ్చింది.

నవంబరులో బయలుదేరాం. తెనాలిలో ఉదయం ఆరున్నర దాటాక చెన్నై బండి ఎక్కాం. ఒంగోలులో ఎక్కి మా ఎదురుగా కూర్చున్నాయనకి చీమకుర్తిలో గ్రానైటు కోసే యూనిట్టుందట. పాలిషింగు మిషన్ల కోసం రెండుసార్లు చైనా వెళ్ళొచ్చాడు.

"షోరూములో ఎవడి మిషనైనా బానే తిరుగుద్దండి" అన్నాడు. "కొన్నవాడి దగ్గరకి తీసుకెళ్ళమనండి. ఆడు ఏడాదిగా తిప్పుతున్నాడో, మూల పడేశాడో చూడండి. ఇంకోటి, వాళ్ళ భాషలో మాట చెప్పే మనిషిని మీరే పెట్టుకోండి. ఫ్యాక్టరీవాళ్ళు పెట్టిన మనిషి వాళ్ళ మాటే చెప్తాడు."

ఒంటిగంటకి చెన్నై చేరి, ఆ రాత్రి విమానంలో హాంకాంగ్, అక్కడ విమానం మారి మర్నాడు మధ్యాహ్నానికి చింగ్‌డావ్ వెళ్ళాం. సముద్రం పక్క ఊరు, బాగా చలి. కోటమ్మ చీర మీద మా ఆయన స్వెట్టరు వేసుకుని, దాని మీద దుప్పటి కప్పుకుంది.

అక్కడ నేనో పొరపాటు చేశాను. మిషనులో వేసి చూద్దామని రెండు కిలోల మిరపకాయలు పెట్టెలో పెట్టుకున్నాను. విమానాశ్రయంలో ఒక కుక్క నేరుగా వచ్చి మా పెట్టె దగ్గర కూర్చుంది. అధికారులు మర్యాదగానే కాయలు తీసేసుకుని, ఒక కాగితం మీద సంతకం చేయించుకున్నారు. పంట సరుకు సంచిలో పెట్టుకుని వెళ్ళకండి. నెల ముందే సరైన కాగితాలతో పంపించుకోండి.

"ఇంకేం చూత్తామమ్మా, మన కాయే లేనప్పుడు" అంది కోటమ్మ.

చింగ్‌డావ్‌లో ఇంగ్లిషు పాఠాలు చెప్పుకునే మెయ్ అనే అమ్మాయిని మాకు మాట చెప్పేందుకు ముందే ఉత్తరాల మీద మాట్లాడుకుని ఉంచాను. ఆమె బయట కారుతో నిలబడి ఉంది. గంట ప్రయాణం తర్వాత మిరప ఫ్యాక్టరీలున్న చిన్న ఊళ్ళో దిగాం. ఇద్దరికీ కలిపి గది రోజుకి నూట అరవై యువాన్లు, వేడినీళ్ళ ఫ్లాస్కుతో సహా. హోటలు పేరు చైనా అక్షరాల్లో రాసిన కార్డు ఎప్పుడూ దగ్గరుంచుకోవాలి. అది చూపిస్తేనే టాక్సీవాళ్ళకి అర్థమవుతుంది. తిండికి మేం తెచ్చుకున్న పచ్చడీ, వాళ్ళిచ్చిన అన్నమూ సరిపోయాయి.

మర్నాడు తొమ్మిది గంటలకి మిషన్లు చేసే ఫ్యాక్టరీకి వెళ్ళాం. నిండా చిల్లులున్న పెద్ద డ్రమ్ము తిరుగుతుంటే కాయలు చిల్లుల్లో నిలబడతాయి. బయటికి పొడుచుకొచ్చిన తొడిమలని కింద కత్తి కోసేస్తుంది. వాళ్ళు వేసిన కాయ బ్రహ్మాండంగా వచ్చింది. నేను ఫొటోలు తీస్తున్నాను. కోటమ్మ ఒక కాయ తీసుకుని వేళ్ళ మధ్య వంచింది.

"ఇది తడి కాయమ్మా. విరగదు. మన కాయ ఇట్టా వంగదు."

మెయ్ ఆ మాట చెప్పగానే సేల్స్ ఆయన నవ్వి, అన్ని కాయలూ ఒకటేనన్నాడు. ఈలోపు కోటమ్మ పక్క గోడౌను గుమ్మం దగ్గరకి వెళ్ళి నన్ను పిలిచింది. లోపల గోనె బస్తాలు వరస పేర్చి ఉన్నాయి. ఒక బస్తా మీద తెలుగులో కోల్డు స్టోరేజీ గుర్తు ఉంది. ఆవిడకి చదువు రాదు, కాయ చూసి పోల్చింది.

"ఇయ్యి మనయ్యేనమ్మా. తేజ రకం."

కాయల్లోంచి ఘాటు నూనె తీయడానికి మిషన్లవాళ్ళ చుట్టాల ఫ్యాక్టరీ గుంటూరు సరుకు తెప్పించుకుంటోందట. ఒక బస్తా విప్పి వేయమన్నాం. కాయలు పెళపెళ విరిగి, డ్రమ్ము కిందంతా గింజలు రాలాయి. కోటమ్మ ఒక గుప్పెడు తీసి లెక్కపెట్టింది. పదింటిలో మూడు ముక్కలయ్యాయి. సేల్స్ ఆయన నవ్వడం మానేశాడు. కోటమ్మ నీళ్ళడిగింది. ఒక బస్తా కాయ నేల మీద పరిపించి, పలచగా చిలకరించి, గోనెపట్టాలు కప్పించింది. రేపు చూద్దామంది.

మధ్యాహ్నం, ఈ మిషను కొన్నవాళ్ళ దగ్గరకి తీసుకెళ్ళమని పట్టుబట్టాను. అరగంట దూరంలో ఒక ఫ్యాక్టరీ. అక్కడ డ్రమ్ము నుంచి వచ్చిన కాయ రబ్బరు బెల్టు మీద కదులుతుంటే, రెండు వైపులా ఆడవాళ్ళు కూర్చుని మిగిలిన తొడిమలు తీస్తున్నారు. కోటమ్మ అడక్కుండానే వాళ్ళ మధ్య కూర్చుని తీయడం మొదలుపెట్టింది. ఆ వేగం చూసి పక్కనున్న పెద్దావిడ ఏదో అంది. ఎన్నేళ్ళ నుంచి చేస్తోందని అడుగుతోందని మెయ్ చెప్పింది. కోటమ్మ పది వేళ్ళూ రెండుసార్లు చూపించింది. ఆ పెద్దావిడ తన చేతి తొడుగులు తీసి కోటమ్మకి తొడిగింది.

కాసేపటికి కోటమ్మ తలెత్తి నా వైపు చూసింది.

"ఇక్కడ ఎవురూ దగ్గట్లేదమ్మా" అంది.

అప్పుడు విన్నాను. మోటారు చప్పుడు, మాటలు, నవ్వులు ఉన్నాయి, దగ్గు లేదు. బెల్టు పొడవునా పైన రేకు గొట్టాలు ఘాటునీ దుమ్మునీ పీల్చి బయటికి పంపుతున్నాయి. మా షెడ్డులో పొద్దున ఎనిమిదింటికి మొదలైన దగ్గు సాయంత్రం దాకా ఆగదు. రోజూ అందులోనే తిరుగుతూ, అది నా చెవిన పడటం ఎప్పుడు మానేసిందో నాకే తెలియదు. మిషను ఫొటోలు ఆపి గొట్టాల ఫొటోలు తీసుకున్నాను. ఎంత వెడల్పో, ఎంత ఎత్తులో కట్టారో మెయ్ చేత అడిగించి రాసుకున్నాను.

ఆ సాయంత్రం ఆరింటికి గదిలో అన్నం ముందు కూర్చున్నాక కోటమ్మ అడిగింది.

"మిషను వస్తే మాలో ఎంతమందిమి ఉంటామమ్మా?"

"సగానికి కొంచెం ఎక్కువ ఉంటారేమో" అన్నాను. ఆవిడ కంచం పక్కకి జరిపి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నాకూ తినబుద్ధి కాలేదు.

తెల్లారి తొమ్మిదిన్నరకి, రాత్రంతా తేమ పట్టిన కాయ మిషనులో వేశారు. నేను కాయలవైపు చూడలేదు, కోటమ్మ మొహమే చూశాను. ఆవిడ మూడు చోట్ల నుంచి మూడు గుప్పిళ్ళు తీసింది.

"బానే వచ్చిందమ్మా. వంకర కాయలకే మిగిలింది. అది చేత్తో తీయాల్సిందే."

బయటికొచ్చాక ఉండబట్టలేక, "బాగోలేదని చెప్పి ఉంటే నేను నమ్మేదాన్ని కదా, కోటమ్మా" అన్నాను.

"అబద్ధం చెప్పటానికా ఇంత దూరం తీసుకొచ్చారు?" అంది. చేతుల దుమ్ము దులుపుకుని, "గాలి గొట్టాలు ముందు పెట్టించండి. మిషను ఆ తర్వాతే" అంది.

అలాగేనన్నాను. రెండు మిషన్లు కొనాలని వెళ్ళినదాన్ని ఒక్కటే కొన్నాను. కత్తులు అరిగిపోయేవి కాబట్టి రెండేళ్ళకి సరిపడా అదనంగా ఇప్పించుకున్నాను. కరెంటు మన త్రీఫేజుకి సరిపడేలా మోటారు మార్చాలని ఒప్పందంలో రాయించాను. మెయ్ లేకపోతే ఈ రెండూ నాకు తట్టేవి కావు. గొట్టాలు మాత్రం ఫొటోలు చూపించి గుంటూరు ఆటోనగర్‌లోనే చేయించవచ్చు.

తిరుగు ప్రయాణంలో చెన్నై నుంచి రాత్రి బండి దొరికింది. చీరాల దాటుతుంటే తెల్లవారింది. రెండు టీలు తీసుకున్నాం. కోటమ్మ అప్పటికే లేచి వేళ్ళమీద పేర్లు లెక్కపెడుతోంది. బెల్టు మీద ఎవరు కూర్చోవాలి, కళ్ళు సరిగ్గా ఆననివాళ్ళని సంచులు కుట్టే వైపు ఎలా మార్చాలి, పొలం పనులున్నవాళ్ళు ఎవరు. నలభై రెండు మందిలో ఇరవై ఆరు దాకా వచ్చి ఆగిపోయింది. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది. మళ్ళీ ఇరవై ఆరే.

"ఈ సంగతి మీరు చెప్పమాకండి, నేను చెప్తా" అంది. "మీరు చెప్తే ఏడుస్తారు. నేను చెప్తే తిడతారు. తిట్టినా పర్లేదు."

బండి బాపట్ల చేరింది. మిషను మంచిదా, కత్తి ఉక్కు ఎలాంటిది, ఎన్నాళ్ళు మన్నుతుంది అని అందరినీ అడిగాను. ఎంతమంది మిగులుతారన్న ప్రశ్న మాత్రం బయలుదేరే ముందే నేను వేసుకోవలసింది. వేసుకోలేదు. ఆవిడ ఒక్కతే దాన్ని గుంటూరు నుంచి మోసుకెళ్ళి, మళ్ళీ మోసుకొస్తోంది.

"ఇద్దరం కలిసే చెబుదాం. నన్నూ తిట్టనీ" అన్నాను.

ఆవిడ ఖాళీ టీ కప్పు నా చేతిలోంచి తీసుకుంది. తెనాలిలో దిగేసరికి ఆరున్నర. ఇంటికెళ్ళి స్నానం చేసి వద్దామా అని అడిగితే, ఎనిమిదింటికల్లా అందరూ వచ్చేస్తారంది. మా ఆయనకి ఫోను చేసి ఇంటికి ఆలస్యంగా వస్తానని చెప్పాను. సామానంతా ఆటోలో వేసుకుని ఇద్దరం నేరుగా షెడ్డుకి బయలుదేరాం.